విధ్వంసమా, హత్యా, హననమా?

సందేహం: 'ఎకోసైడ్' నేరమంటూ బెల్జియం పార్లమెంటు 2024లో చట్టం చేసిందన్న వార్తలో ఒకచోట 'పర్యావరణ విధ్వంసం' అనీ, మరోచోట 'పర్యావరణ హత్య' అనీ చదివాను. 'పర్యావరణ హననం' అనీ కొందరు రాస్తున్నారు. ఏది సరైనది?

సమాధానం: మూడింటిలోనూ వ్యాకరణ దోషం లేదు. చట్టం గురించి రాసేటప్పుడు మాత్రం 'పర్యావరణ హననం' అనే రాయమంటాను.

విధ్వంసానికి చేసేవాడు ఉండనక్కర్లేదు. తుఫాను విధ్వంసం, వరద విధ్వంసం అంటూనే ఉంటాం. వరద ఊళ్లను హననం చేసిందని మాత్రం ఎవరూ అనరు. చంపడమనే అర్థమున్న 'హన్' ధాతువు వినిపించగానే హంత ఎవరన్న ప్రశ్న వస్తుంది. ఈ నేరానికి ఆ ప్రశ్నే ప్రాణం. వియత్నాం అడవుల మీద అమెరికా సైన్యం ఆకులు రాల్చే రసాయనం ఏజెంట్ ఆరెంజ్ చల్లుతున్న రోజుల్లో, 1970లో, వృక్షశాస్త్రజ్ఞుడు ఆర్థర్ గాల్‌స్టన్ 'ఎకోసైడ్' అన్న మాటను ముందుకు తెచ్చాడు. అక్కడ ఆకులు రాలలేదు, రాల్చారు.

మరి 'హత్య' ఎందుకు వద్దు? ధాతువు అదే, గోహత్య, శిశుహత్య ఉన్నవే. కానీ కోర్టు తెలుగులో హత్య అనగానే చంపాలన్న ఉద్దేశం వెతుకుతారు. ఎకోసైడ్‌కు 2021లో అంతర్జాతీయ న్యాయనిపుణుల బృందం ఇచ్చిన నిర్వచనానికి ఆ ఉద్దేశం అక్కర్లేదు. తీవ్రమైన హాని విస్తారంగానో, దీర్ఘకాలంపాటో జరిగే అవకాశం గట్టిగా ఉందని తెలిసీ, చట్టవిరుద్ధంగానో, ఏమైతే ఏమన్న తెగింపుతోనో చేస్తే చాలు. నదిని చంపుదామని ఎవరూ ఫ్యాక్టరీ పెట్టరు. విషం కలుస్తుందని తెలిసీ నడుపుతారు. వాళ్లు తప్పించుకునే సందు మన మాటలో ఉండకూడదు.

హననానికి ప్రాణి ఉండాలి కదా అన్న శంక వద్దు. 'వ్యక్తిత్వ హననం' మనకు బాగా అలవాటైన ప్రయోగమే.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. మన పర్యావరణ పరిరక్షణ చట్టం (1986) 15వ సెక్షన్‌లో ఉల్లంఘనలకు అయిదేళ్ల వరకు జైలు ఉండేది. 2023 నాటి జన్ విశ్వాస్ చట్టం దాన్ని తీసేసి 10 వేల నుంచి 15 లక్షల రూపాయల పెనాల్టీ పెట్టింది. అది వేసేది కోర్టు కాదు, అధికారి. కట్టకపోతేనే జైలు మాట వస్తుంది. కోర్టు వేసే ఫైన్‌నూ, అధికారి వేసే పెనాల్టీనీ కలిపి మనం 'జరిమానా' అనేస్తున్నాం. నేరంగా ఉన్నది నేరం కాకుండా పోయిన సంగతి ఆ ఒక్క మాట కింద కనపడకుండా పోతోంది. కోర్టు శిక్షగా వేసేదాన్నే జరిమానా అనండి. అధికారి వేసేదాన్ని పెనాల్టీ అనే ఉంచండి.