సుగర్ ఉంటే సంతలో పళ్లు కొనకూడదా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మావారికి 54 ఏళ్లు, సుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు, మొన్న మూడు నెలల సగటు పరీక్షలో 8.1 వచ్చింది. నాకు 44, రక్తం 9.2 ఉందన్నారు. ఇక్కడి సంతకి కొండల మీంచి సవరలు సీతాఫలాలు, అనాస, ఆగాకరకాయలు, ఆకుకూరలు తెస్తారు. సుగర్ ఉన్నవాళ్లు ఆపిల్, కివీ తప్ప వేరే పండు ముట్టకూడదని మా ఆడపడుచు అంటుంది. మా అత్తగారేమో కొండ పంటకి మందులు కొట్టరు, కడగక్కర్లేదు, ఎంతైనా తినొచ్చు అంటారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, సంతలో కొనడం మాత్రం మానకండి. మన సరిహద్దు ఊళ్లలో, పర్లాకిమిడి నుంచి గుణుపురం, రాయగడ దాకా, సుగర్ అని తెలియగానే చాలామంది చేసే పని ఒకటే, కుప్ప పోసి పెట్టిన జామకాయల్ని దాటుకుంటూ వెళ్లి కిలో ఆపిల్ కొనుక్కురావడం. ఆపిల్ చెడ్డ పండని నేను అనను. కానీ అది ఎక్కడో కశ్మీర్‌లోనో హిమాచల్‌లోనో కోసి, నెలల తరబడి కోల్డ్ స్టోరేజీలో ఉండి మనదాకా వస్తుంది. అందులో విటమిన్ సి 100 గ్రాములకి పది మిల్లీగ్రాములు కూడా ఉండదు, అదే జామపండులో 200 పైమాటే, పీచూ ఎక్కువే. మావారికి ఏ పండు మంచిదని మీరు నన్నడిగితే ముందు జామ పేరే చెప్తాను, అదీ మరీ మగ్గింది కాకుండా దోరది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల ప్రకారం మనిషికి రోజుకి కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పళ్లు 100 గ్రాములు కావాలి. ఇంటిల్లిపాదికీ అంత కొనాలంటే కాలానికి పండినవి, దగ్గర్లో పండినవి కొంటేనే జేబుకి ఆగుతుంది. నాలుగు ఆపిళ్లకీ రెండు కివీలకీ పెట్టే డబ్బుతో గంప ముందు కూర్చున్న ఆవిడ దగ్గర ఆ వారానికి సరిపడా కూరలు వస్తాయి, పైగా ఆ డబ్బు నేరుగా పండించినావిడ కొంగున పడుతుంది. ఆకుకూరలైతే తాజాగా ఉండడం మరీ ముఖ్యం, కోసి ఎండలో వాడిపోయేకొద్దీ వాటిలో విటమిన్ సి తగ్గిపోతుంది. తెల్లారగట్ల కోసుకొచ్చిన తోటకూర కట్ట కాడ వంచితే టక్కున విరుగుతుంది, వేలాడిపోతే అది నిన్నటిదో మొన్నటిదో.

ఇక సీతాఫలం. అత్తగారన్నట్టు ఎంతైనా తినొచ్చు అనేది తప్పు. దాని గుజ్జులో 100 గ్రాములకి సుమారు 20 గ్రాములు పిండిపదార్థమే, తియ్యగా ఉంది కదా అని కూర్చున్నపళంగా మూడు నాలుగు లాగిస్తే సుగర్ పెరక్క ఏమవుతుంది. మీవారు చిన్నది ఒకటి, పెద్దదైతే సగం తినొచ్చు, అది కూడా అన్నం తిన్న వెంటనే కాదు, పదకొండింటికో సాయంత్రం నాలుగింటికో, ఆ పూట వేరే తీపి ఏదీ లేకుండా. అనాస అయితే రెండు మూడు చక్రాలు. వేసవిలో పనస వచ్చినప్పుడు మూడు తొనలు చాలు, లేత పనసకాయ పొట్టు కూర మాత్రం నిశ్చింతగా తినమనండి, అన్నం కాస్త తగ్గించి. ఏ పండైనా నమిలే తినాలి, జ్యూస్ వద్దు. నేరేడు గింజల పొడి తింటున్నాం కదా అని మాత్రలు మానేసి వచ్చేవాళ్లని చూస్తుంటాను, దయచేసి అలా చేయకండి. 8.1 అంటే తిండితో పాటు మందు డోసు కూడా మీ డాక్టరు మళ్లీ చూడాల్సిన అంకె.

ఇంక కడగక్కర్లేదన్న మాట. ఇది అస్సలు ఒప్పుకోను. కొండ వాలు మీద వానాధారంగా పండించేవాళ్లలో చాలామంది పురుగుమందు పెద్దగా వాడరు, నిజమే. కానీ సంతలో ఉన్నవన్నీ కొండవి కావు, పక్క ఊళ్ల మళ్లలో పండిన వంకాయ, కాలీఫ్లవర్, చిక్కుడు కూడా అక్కడే ఉంటాయి, వాటికి కొందరు కోతకి ఒకట్రెండు రోజుల ముందు కూడా మందు కొడతారు. ఎక్కడిది, ఎప్పుడు కొట్టారు అని అడగండి, పండించినవాళ్లే అమ్ముతుంటే ఉన్నది చెప్తారు, చిన్న రైతు దగ్గర కొనడంలో నాకు నచ్చేది ఇదే. అసలు మందు కొట్టని ఆకుకీ మట్టి అంటుకుని ఉంటుంది, ఆ మట్టిలో నులిపురుగుల గుడ్లు ఉంటాయి, పందులు తిరిగే ఊళ్లలో మనుషులు బహిర్భూమికి వెళ్లే చోట బద్దెపురుగు గుడ్లూ ఉండొచ్చు. ఈ బద్దెపురుగు గుడ్లు పచ్చి కొత్తిమీరతోనో ముల్లంగితోనో కడుపులోకి పోతే, మెదడులో గడ్డలు కట్టి, మనిషికి ఫిట్స్ వచ్చే స్థితి తేవచ్చు. అందుకని వేళ్లు కోసేసి, ఆకు విడదీసి, వెడల్పు గిన్నెలో నీళ్లు పోసి కలిపి, మట్టి అడుగుకి దిగాక ఆకుని పైకి తీసి, అడుగున మట్టి కనిపించనంత వరకు నీళ్లు మారుస్తూ కడగండి, చివర్లో పంపు కింద ఒకసారి. సబ్బు, డిటర్జెంట్ వద్దు. మురుగు కాలవ పక్కన పెంచిన ఆకుకూర అని తెలిస్తే అసలు కొనొద్దు.

వానాకాలంలో మీకు వెదురు కొమ్ములు కూడా దొరుకుతాయి, ఒడియావాళ్లు కరడి అంటారు. వాటిలో సైనైడ్ విడుదల చేసే పదార్థం ఉంటుంది, సన్నగా తరిగి, నానబెట్టి, బాగా ఉడికించి ఆ నీళ్లు పారబోశాకే వండాలి. అడవి పుట్టగొడుగులు మాత్రం ఖాయంగా తెలిసిన రకమైతేనే తినండి, తిన్నాక వాంతులు, విరేచనాలు అయితే అవి తగ్గాయని ఇంట్లో కూర్చోకుండా ఆస్పత్రికి పరుగెత్తండి, లివరు దెబ్బతినడం ఆ తర్వాతే బయటపడుతుంది.

ఇప్పుడు మీ సంగతి. ఇంట్లో అందరూ ఆయన సుగర్ గురించే మాట్లాడుతున్నట్టున్నారు, నాకు మీ 9.2 కూడా అంతే దిగులుగా ఉంది. ఆడవాళ్లకి 12కి తగ్గితేనే రక్తహీనత. తోటకూర, మునగాకు రోజూ తినండి, ఆ ఆకులోని ఐరన్ ఒంటికి పట్టాలంటే పులుపు తోడు కావాలి, కూర దించాక నిమ్మకాయ పిండండి, భోజనంతో పాటు జామ ముక్కో ఉసిరికాయో తినండి, టీ మాత్రం భోజనానికి గంట ఇటూ అటూ పెట్టుకోండి. అయితే 9.2ని ఆకుకూరలొక్కటే పైకి లేపలేవు, డాక్టర్ని అడిగి ఐరన్ మాత్రలు మొదలుపెట్టాలి, ముందు కారణం తెలియాలి. నెలసరి ఎక్కువగా అవుతోందా, కడుపులో పురుగులున్నాయా చూడాలి. మన ప్రాంతంలో మలేరియా, సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకర తిరిగే వంశపారంపర్య జబ్బు) రెండూ ఉన్నాయి కాబట్టి ఆ రక్తపరీక్షలు కూడా చేయించుకోండి, ప్రభుత్వ ఆస్పత్రిలో అడగండి.

మీవారికి ఈ ఏడాది క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడకపోతే ఈ వారమే చూపించండి. కిడ్నీ దెబ్బతిని ఉంటే పైన చెప్పిన లెక్క మారుతుంది, పళ్లు, కొబ్బరినీళ్లు, కొన్ని ఆకుకూరల్లో ఉండే పొటాషియంతో గుండెకి ప్రమాదం. నక్షత్రాకారంలో ముక్కలయ్యే ఆ పుల్లటి పండు, స్టార్ ఫ్రూట్ అయితే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఒక్క ముక్క కూడా తినకూడదు. రిపోర్టు మామూలుగా ఉంటే వచ్చే సంతకి జామకాయలు, ఆగాకర, రెండు రకాల ఆకుకూరలు తెచ్చుకోండి, మూడు నెలలకి ఆయన సుగరు, నెల రోజులకి మీ రక్తం మళ్లీ చూసి ఆ అంకెలు నాకు రాయండి.