అమ్మడూ, ఈబేలో బేరం ఎలా ఆడాలంటే

అమ్మడూ,

ఎలా ఉన్నావ్, సెమిస్టర్ మొదలైంది కదా, టైముకి తింటున్నావా? నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, నువ్వు నీ నికాన్ కెమెరాకి 85 ఎంఎం లెన్స్ కొందామని, ఎవరి వస్తువులు వాళ్ళు పెట్టి అమ్ముకునే సైట్ ఈబేలో చూస్తున్నావంట, 300 డాలర్లు పెట్టినాయన దగ్గర 150 కి అడిగితే నిమిషంలో డిక్లైన్ అయిందంట, ఇంకొకళ్ళయితే జవాబే ఇవ్వలేదంట, అప్పట్నుంచి డల్ గా ఉన్నావంట. ఫోన్ లో చెప్తే సగం ఆ చెవిన విని ఈ చెవిన వదిలేస్తావని ఇలా కూర్చుని రాస్తున్నా. పాత కెమెరాలు లెన్సులు నేను ఈబేలో కొంటూ అమ్ముతూ చాలా ఏళ్ళయింది, కొనేవాడి బాధా తెలుసు అమ్మేవాడి బాధా తెలుసు, అందుకే నా మాట కాస్త ఓపిగ్గా చదువు.

ముందు ఒకటి అర్థం చేస్కో. మన విజయవాడ బీసెంట్ రోడ్ బజార్లో వెయ్యి చెప్తే నాలుగొందలకి అడుగుతాం, ఇవ్వనంటే నాలుగడుగులు వేస్తాం, వాడే వెనక్కి పిలిచి ఆరొందలకిస్తాడు. అక్కడ బేరం ఆడతారని తెలిసే పెంచి చెప్తాడు, అది మనకీ తెలుసు. ఈబేలో ఒక లెన్స్ అమ్ముకునేవాడు చాలాసార్లు కొట్టు పెట్టుకున్నవాడు కాదు, తను వాడిన వస్తువు తీసేద్దామనుకున్న మనిషి, పెట్టేముందు తనూ అలాంటివే పది లిస్టింగులు, అంటే అమ్మకానికి పెట్టిన ప్రకటనలు, చూసుకుని ఆ ధర పెట్టుంటాడు. సగానికి అడిగితే అవమానంగా తీసుకుంటాడు, వెనక్కి పిలవడు, కొంతమందైతే బ్లాక్ చేసేస్తారు, తర్వాత నువ్వు పూర్తి ధర ఇస్తానన్నా కొనలేవు. నీది నిమిషంలో డిక్లైన్ అయిందంటే ఆయన చూసి కొట్టింది కూడా కాకపోవచ్చు, ఇంతకంటే తక్కువొస్తే దానంతటదే తిరస్కరించేలా లిమిట్ పెట్టుకునే వీలుంది సెల్లర్లకి, అదే అయ్యుంటుంది, దానికి మనసు కష్టపెట్టుకోకు.

నేను చెప్పాలనుకున్న అసలు విషయం ఇది. నువ్వెంత ఇవ్వగలవు అన్నదాని కంటే ముందు అవతలి వాళ్ళ చేతికి చివరికి ఎంత మిగులుతుందో లెక్క వెయ్యి. ఆ 300 డాలర్ల లెన్సే తీస్కో, ఫ్రీ షిప్పింగ్ అని పెట్టాడనుకో. అమ్మేవాడి దగ్గర ఈబే తీసుకునే ఫీజు చాలా కేటగిరీల్లో 13 శాతం పైనే ఉంటుంది, అదీ వస్తువు ధర మీద మాత్రమే కాదు, షిప్పింగు, నువ్వు కట్టే సేల్స్ ట్యాక్సు అన్నీ కలిపిన మొత్తం మీద. మీ టెక్సస్ డెంటన్ లో ట్యాక్స్ 8.25 శాతం, అంటే నువ్వు కట్టేది 324.75 అవుతుంది, దాని మీద ఫీజు 44 డాలర్ల దాకా, అట్టపెట్టె బబుల్ ర్యాప్ పోస్టేజీ ఇన్సూరెన్సు కలిపి ఒక 15 వేస్కో. పూర్తి ధరకి అమ్ముడుపోయినా ఆయనకి మిగిలేది 241 దాకా. నువ్వు 150 అన్నావే, దాంట్లో ఇవన్నీ పోతే ఆయన చేతికి 115 కూడా రాదు, అంతకి ఎవరిస్తారు చెప్పు, ఇంట్లోనే ఉంచుకుంటా అనుకుంటాడు. అదే 260 అని అడిగుంటే ఆయనకి 207 దాకా మిగిలేది, ఆలోచించేవాడు. నీ వైపు లెక్క కూడా అలాగే, 260 అంటే నీ కార్డు మీద పడేది 281 పైన, బడ్జెట్ అనుకున్నప్పుడు ట్యాక్స్ తో కలిపే అనుకో.

ఇక ఆ 260 అనే నంబరు ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలంటే, ఇప్పుడు అమ్మకానికున్న ధరలు చూసి కాదు. ఎవరైనా ఎంతైనా పెట్టుకోవచ్చు. సెర్చ్ చేసినప్పుడు ఫిల్టర్స్ లో సోల్డ్ ఐటమ్స్ అని ఉంటుంది, అది ఆన్ చేస్తే దాదాపు గత మూడు నెలల్లో నిజంగా అమ్ముడుపోయినవి వస్తాయి, అదీ అసలు మార్కెట్ రేటు. అక్కడ కొన్నిటికి ధర మీద గీత కొట్టి ఉంటుంది చూడు, అవి బెస్ట్ ఆఫర్ లో, అంటే కొనేవాళ్ళు ఇంతకిస్తారా అని తమ ధర చెప్పే పద్ధతిలో, తగ్గించుకుని కొన్నవి, ఎంతకి తగ్గిందో చూపించదు గానీ ఆ పెట్టిన ధరకంటే తక్కువకే పోయిందని అర్థం. దెబ్బలు తిన్నవి, క్యాప్ లు లేనివి, ఫర్ పార్ట్స్ (పనిచెయ్యవు, విడిభాగాలకే) అని పెట్టినవి పక్కన పెట్టి, నీక్కావాల్సిన కండిషన్ లో ఉన్నవి ఒక ఏడెనిమిది చూసి మధ్య రేటు రాసుకో.

చూసేటప్పుడు మోడల్ పేరు అక్షరం అక్షరం చదువు. నీ కెమెరా డి5600, ఆ బాడీలో ఫోకస్ మోటారు ఉండదు. 85 ఎంఎం 1.8 (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె) లో డి అని పాతది ఒకటుంది, జి అని 2012 లో వచ్చింది ఇంకొకటుంది. డి లెన్స్ చవగ్గా దొరుకుతుంది, చూడగానే భలే బేరం అనిపిస్తుంది, కానీ నీ కెమెరాకి పెడితే ఆటోఫోకస్ రాదు, చేత్తో తిప్పుకోవాల్సిందే. నీకు జి కావాలి. రెండిటి రేట్లు కలిపేసి చూశావంటే నీ ఆఫర్ మొదట్లోనే తప్పుతుంది.

ఆఫర్ పెట్టేముందు సెల్లర్ కి ఒక మెసేజ్ పెట్టు, బేరం కోసం కాదు, వస్తువు గురించి. పాత లెన్స్ కి ఏం అడగాలంటే, లోపల ఫంగస్ (బూజు) గానీ పొగమంచులా తెల్లటి పొర గానీ ఉందా, ఆ రంధ్రాన్ని తెరిచి మూసే బ్లేడ్ల మీద నూనె కనిపిస్తోందా, ఆటోఫోకస్ రెండు చివరల దాకా ఆగకుండా వెళ్తోందా, ముందు వెనక క్యాప్ లు, పక్క వెలుతురు పడకుండా ముందు తగిలించే హుడ్ వస్తున్నాయా. వీలైతే వెనకనుంచి ఫోన్ టార్చ్ వేసి ముందునుంచి ఒక ఫోటో తీసి పెట్టమను, ఫంగస్ ఉంటే సాలెగూడు దారాల్లా కనిపిస్తుంది, మామూలు వెలుతుర్లో తీసిన ఫోటోల్లో అది అస్సలు దొరకదు. సీరియల్ నంబర్ ఫోటో కూడా అడుగు, నికాన్ అమెరికా వాళ్ళు అమ్మిన లెన్సులకి నంబరు ముందు యూఎస్ అని ఉంటుంది, అది లేకుండా వేరే దేశం కోసం చేసినదైతే గ్రే మార్కెట్ అంటారు, ఇక్కడి నికాన్ వాళ్ళు డబ్బులిస్తామన్నా దాన్ని రిపేరు చెయ్యరు. ఫోటోలు బానే వస్తాయి కానీ ధర తక్కువుండాలి, తగ్గించమని అడగడానికి నీకది న్యాయమైన కారణం.

ఇంతవరకూ చేసి, జవాబులు నచ్చితే అప్పుడు ఆఫర్. మొదటి ఆఫరే నువ్వు సిగ్గుపడకుండా సమర్థించుకోగలిగేలా ఉండాలి. మార్కెట్ రేటుకి దగ్గర్లో పెట్టినదానికి పది శాతం, ఎక్కువగా పెట్టాడనిపిస్తే పదిహేను శాతం తగ్గించి అడుగు, అంతకంటే తగ్గించాలంటే కారణం చూపించాలి. ఆఫర్ తో పాటు రెండు లైన్లు రాయొచ్చు, అది చాలామంది ఖాళీగా వదిలేస్తారు, నువ్వు వదలకు. ఇంగ్లీషులో రాసుకో గానీ విషయం ఇలా ఉండాలి: నమస్తే, ఫోటోలు పంపినందుకు థాంక్స్, లెన్స్ బాగా చూసుకున్నారని తెలుస్తోంది, ఈమధ్య హుడ్ తో సహా ఉన్నవి 275 దగ్గర అమ్ముడుపోవడం చూశాను, మీదానికి హుడ్ లేదు కాబట్టి 255 ఇవ్వగలను, ఒప్పుకుంటే వెంటనే పేమెంట్ అయిపోతుంది, కుదరకపోయినా పర్లేదు, మీ టైముకి థాంక్స్. అంతే. స్టూడెంట్ ని, డబ్బుల్లేవు అని రాయకు తల్లీ, నీ కష్టం నిజమే, కానీ అవతల మనిషి కూడా ఏ అవసరానికి అమ్ముకుంటున్నాడో మనకి తెలీదు. వేరే చోట ఇంతకంటే తక్కువకిస్తున్నారు అని లేనిది చెప్పకు, వాళ్ళూ అదే సైట్ చూస్తున్నారు.

జవాబుకి ఒకటి రెండు రోజులు గడువుంటుంది, మధ్యలో గుచ్చి గుచ్చి మెసేజ్ లు పెట్టకు. వాళ్ళు 280 అయితే ఇస్తామని కౌంటర్ పెట్టారనుకో, అది మంచి సంకేతం, అమ్మాలని ఉంది. అప్పుడు నువ్వు 256, 257 అని రూపాయి రూపాయి పెంచుతూ పోకూడదు, ఒక లిస్టింగ్ కి ఆఫర్లు మామూలుగా ఐదే, అవి అయిపోతే ఇక తలుపు మూసుకున్నట్టే. ఒక్కసారి 268 అని పెట్టి ఇదే నా ఆఖరు అని రాయి, నిజంగా అదే ఆఖరు అవ్వాలి. ఒప్పుకున్నాక మాత్రం వెనక్కి తగ్గకూడదు, ఆఫర్ అంటే కొంటానని మాటిచ్చినట్టే, ఇప్పుడు చాలాచోట్ల ఒప్పుకున్న వెంటనే కార్డు మీద డబ్బు పడిపోతుంది కూడా. అందుకే ఒకే టైములో ముగ్గురికి ఆఫర్లు పెట్టి కూర్చోకు, ముగ్గురూ ఒప్పుకుంటే మూడు లెన్సులు కొనాలి.

ఆఫర్ బటనే లేని లిస్టింగులు ఉంటాయి, వాటిని వాచ్ లిస్ట్ లో పెట్టి వదిలెయ్. కొన్నాళ్ళు అమ్ముడుపోకపోతే వాచ్ చేస్తున్నవాళ్ళకి సెల్లరే తగ్గించి ఆఫర్ పంపిస్తుంటారు, నువ్వు నోరు విప్పకుండానే తగ్గుతుంది. నెలకి పైగా కదలకుండా ఉన్న లిస్టింగ్ కనపడితే అక్కడ మర్యాదగా ఆఫర్లు తీసుకుంటారా అని మెసేజ్ పెట్టొచ్చు. కొత్తగా ఇవాళే పెట్టినవాళ్ళని తగ్గించమని అడగడం నాకు ఇష్టం ఉండదు, వాళ్ళకింకా ఆశ ఉంటుంది, ఇవ్వరు.

వేలం సంగతి వేరే. అక్కడ సెల్లర్ తో మాట్లాడేదేం ఉండదు, నీతో నువ్వే బేరం ఆడుకోవాలి. నువ్వు మ్యాక్సిమమ్ 240 అని పెడితే ఈబే వెంటనే 240 కి తీసుకెళ్ళదు, పోటీవాడి కంటే ఒక్క మెట్టు పైన ఉంచుతుంది, 100 నుంచి 250 లోపు ఆ మెట్టు 2.50 డాలర్లు. అంటే అవతలివాడి హద్దు 200 అయితే నీకు 202.50 కే వస్తుంది. కాబట్టి నీ అసలు హద్దు ఎంతో ముందే కాగితం మీద రాసుకుని, ఆఖరి పది సెకన్లలో ఒక్కసారే పెట్టు. ఈబేలో చివర్లో బిడ్ వచ్చిందని టైమ్ పొడిగించరు, ముందునుంచీ పెట్టుకుంటూ పోతే అవతలివాళ్ళకి పట్టుదల పెరిగి రేటు పెరుగుతుంది తప్ప లాభం లేదు. 240 అని గుండ్రంగా కాకుండా 241.70 అని పెట్టు, ఇంకొకడు 240 దగ్గర ఆగుంటే ఆ కాస్తతో నీది అవుతుంది. పోయిందా, పోనీ, ఆ లెన్స్ లక్షల్లో చేశారు, వచ్చే వారం ఇంకోటి వస్తుంది. ఓడిపోయిన వేలానికి సెకండ్ ఛాన్స్ ఆఫర్ అని, అంటే ఇప్పుడు నువ్వు కొంటావా అని, వస్తే ఈబే మెసేజెస్ లోపల కూడా కనిపిస్తోందో లేదో చూస్కో, ఈమెయిల్ కి మాత్రమే వస్తే అది దొంగది.

జపాన్ సెల్లర్ల దగ్గర లెన్సులు చాలా ఉంటాయి, మంచివే ఉంటాయి, ప్యాకింగ్ కూడా శ్రద్ధగా చేస్తారు. కానీ పైన మింట్ (కొత్తదానిలా ఉంది), నియర్ మింట్ (దాదాపు కొత్తది) అని పెద్దక్షరాల్లో ఉన్నది నమ్మి ఆగిపోకు, కిందకి వెళ్తే ఆప్టిక్స్ అని అద్దాల గురించి ఒక పేరా ఉంటుంది, కొద్దిగా ఫంగస్ ఉంది, ఫోటోల మీద ప్రభావం ఉండదు అని అక్కడ రాస్తారు. ఇంకోటి, బయటి దేశం నుంచి అమెరికాకి వచ్చే 800 డాలర్ల లోపు పార్సిల్ కి డ్యూటీ (దిగుమతి సుంకం) లేదు అనే రోజులు పోయాయి, 2025 ఆగస్టు 29 నుంచి ఆ మినహాయింపు తీసేశారు, డ్యూటీ ధరలో కలిపారా విడిగా కట్టాలా అని చూసుకునే ఆఫర్ పెట్టు.

ఇంకొక్కటి గట్టిగా చెప్తున్నా. ఈబే ఫీజు మిగుల్చుకుందాం, బయట జెల్ (బ్యాంకు నుంచి నేరుగా డబ్బు పంపే యాప్) లో పంపించు 30 డాలర్లు తగ్గిస్తా అని ఎవరన్నా అంటే అక్కడితో మాటలు ఆపెయ్, గిఫ్ట్ కార్డులు అడిగినా అంతే. సైట్ లోపల కట్టిన డబ్బుకే మనీ బ్యాక్ గ్యారంటీ, బయట కట్టావంటే వాళ్ళు కనపడకుండా పోయినా ఎవరూ ఏమీ చెయ్యలేరు. మన పిల్లలు ఒక్కో డాలరు పార్ట్ టైమ్ చేసి కూడబెట్టుకున్నది ఇలా పోగొట్టుకుంటుంటే నాకు చాలా బాధేస్తుంది.

పార్సిల్ వచ్చినరోజే విప్పు, విప్పేటప్పుడు ఫోన్ లో వీడియో తియ్యి, టార్చ్ వేసి చూడు, కెమెరాకి పెట్టి రంధ్రం పూర్తిగా తెరిచి 1.8 దగ్గరా, తగ్గించి 8 దగ్గరా ఫోటోలు తీసి చూడు. చెప్పినట్టు లేకపోతే డెలివరీ అయిన 30 రోజుల్లోపు ఈబేలోనే రిటర్న్ పెట్టొచ్చు, పరీక్షలున్నాయని పక్కన పడేసి ఆ గడువు దాటించకు. నిజంగా చిన్న తేడా ఉంటే, హుడ్ వస్తుందని చెప్పి రాలేదనుకో, దానికి సరిపడా కొంత వెనక్కి ఇవ్వమని మర్యాదగా అడగొచ్చు, తప్పులేదు. ఏ తేడా లేకపోయినా చెడ్డ ఫీడ్ బ్యాక్ ఇస్తానని బెదిరించి డబ్బులు లాగేవాళ్ళున్నారు, అది ఈబే రూల్స్ కే విరుద్ధం, మన ఇంటి పిల్లలు చేసే పని అంతకన్నా కాదు. అంతా బాగుంటే మంచి ఫీడ్ బ్యాక్ రాయి, కొత్త అకౌంట్ కాబట్టి వాళ్ళూ నీకు రాస్తారు, రేపు ఇంకోటి కొనేటప్పుడు సెల్లర్ నీ ఆఫర్ తో పాటు నీ ఫీడ్ బ్యాక్ నంబర్ కూడా చూస్తాడు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది, ఆ 150 అడిగినాయన్ని వదిలెయ్, సోల్డ్ ఐటమ్స్ చూసి రేటు రాసుకుని, నచ్చినవి రెండు మూడు లింకులు నాకు వాట్సాప్ లో పంపించు, ఫోటోలు నేను కూడా చూస్తా. శనివారం పొద్దున ఖాళీగానే ఉంటా, ఫోన్ చెయ్, మెసేజ్ ఏం రాయాలో కలిసి రాద్దాం.

మీ మామయ్య