పాఠకుల ప్రశ్నలు: 160 మీటర్లకు దీపావళి కాదు, సంక్రాంతి

ప్రశ్న: హామ్ రేడియోలో 160 మీటర్ల బ్యాండ్‌కు (1.8 మెగాహెర్ట్జ్ ప్రాంతం) నవంబరు నుంచే సీజన్ అని ఏ హ్యాండ్‌బుక్ తిరగేసినా కనిపిస్తోంది. రెండేళ్లుగా దీపావళి కాగానే రాత్రుళ్లు రిసీవర్ ముందు కూర్చుంటున్నాను. చిటపటలు తప్ప యూరప్ వినబడలేదు. లోపం యాంటెన్నాలో ఉందా? (పెరంబూరు, చెన్నై)

జవాబు: యాంటెన్నా సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ క్యాలెండర్ మనది కాదు. 50 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నవాళ్లు తమ ఊరికి రాసుకున్నది. లండన్‌లో డిసెంబరు రాత్రి 16 గంటలు, జూన్ రాత్రి ఏడున్నర గంటలే. 13 డిగ్రీల దగ్గరున్న చెన్నైలో డిసెంబరు రాత్రి సుమారు 12 గంటల 40 నిమిషాలు, జూన్ రాత్రి 11 గంటల చిల్లర. గంటన్నర తేడాకు ఏ బ్యాండూ తలకిందులైపోదు.

రాత్రే ఎందుకంటే, నేలకు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తున ఎండకు పుట్టే డి పొర పగలంతా ఈ తరంగాలను మింగేస్తుంది. ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ దాని ఆకలి పెరుగుతుంది, ఉజ్జాయింపుగా వర్గం లెక్కన. 7 మెగాహెర్ట్జ్ దగ్గర ఎన్ని డెసిబెల్స్ పోతాయో 1.8 దగ్గర దానికి 15 రెట్లు పోతాయి. పొద్దుగూకి ఆ పొర కరిగాకే తరంగం పైనున్న ఎఫ్ పొర దాకా వెళ్లి తిరిగొస్తుంది. కాబట్టి మన రాత్రితోపాటు అవతలి ఊరి రాత్రి కూడా చూడాలి. రెండూ కలిసిన గంటలే మనకు దక్కేవి. డిసెంబరు చివర లండన్‌లో పొద్దుగూకేది మన టైము రాత్రి 9.23కి, చెన్నైలో తెల్లారేది 6.28కి. తొమ్మిది గంటలు చేతిలో ఉంటాయి. జూన్‌లో అక్కడ పొద్దుగూకేసరికి మనకు 1.50 అవుతుంది, ఇక్కడ 5.43కే తెల్లారిపోతుంది.

ఈ లెక్కన నవంబరు బాగుండాలి కదా అంటారు. చీకటి వరకు బాగానే ఉంటుంది. చెడగొట్టేది ఈశాన్య రుతుపవనం. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం మీదా తీరం వెంటా ఉరుముల మబ్బులు. ప్రతి మెరుపూ ఒక ట్రాన్స్‌మిటరే, పైగా దాని బలమంతా కింది ఫ్రీక్వెన్సీల్లోనే ఎక్కువ. రాత్రయితే వెయ్యి కిలోమీటర్ల అవతలి మెరుపు గోల కూడా యూరప్ సిగ్నల్ వచ్చే దారినే వచ్చి మీ మేడ మీద పడుతుంది. మీ వీధిలో చుక్క వాన లేకపోయినా చిటపట తప్పదు. అనుమానం ఉంటే సాయంత్రం వాతావరణ శాఖ ఉపగ్రహ చిత్రం చూసి, ఆ రాత్రి విన్నదాంతో పోల్చుకోండి.

సంక్రాంతికి ఈ గోల సద్దుమణుగుతుంది. దక్షిణాదిన ఉరుములు బాగా తగ్గి, ఇండోనేషియా, ఉత్తర ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా వైపు నుంచి వచ్చే దూరపు గరగర మిగులుతుంది. యూరప్‌తో ఉమ్మడి చీకటి అప్పటికీ ఎనిమిదిన్నర గంటలకు తగ్గదు. చెన్నైకి సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా అని గుర్తుపెట్టుకోండి. బెంగళూరుకు డిసెంబరు కూడా కలిసొస్తుంది. మామిడి జల్లులు మొదలయ్యాక అక్కడా దుకాణం కట్టేయాల్సిందే.

రాత్రంతా మేలుకోనక్కర్లేదు. జనవరిలో యూరప్ కోసం రాత్రి 10 ప్రాంతంలో ఒక గంట, మళ్లీ తెల్లారే ముందు ఓ నలభై నిమిషాలు. ఆ రెండోది వదలొద్దు: సూర్యోదయానికి కాస్త ముందు సిగ్నల్ ఉన్నట్టుండి లేస్తుంది, తర్వాత నిమిషాల్లో మాయమవుతుంది. జపాన్‌కైతే మనకు పొద్దుగూకాక, ఆపైన వాళ్లకు తెల్లారే 3.20 ప్రాంతంలో. 1.840 మెగాహెర్ట్జ్ మీద ఎఫ్‌టీ8తో (బలహీన సిగ్నళ్లను కంప్యూటర్ చదివి తెర మీద రాసే డిజిటల్ పద్ధతి) మొదలుపెట్టండి. కంప్యూటర్ గడియారం రెండు సెకన్లు మించి తప్పితే తెర మీద ఒక్క అక్షరం రాదు. ఆ తప్పును బ్యాండ్ మీదకు నెట్టేవాళ్లు చాలామంది. ట్రాన్స్‌మిట్ చేసే ముందు మీ లైసెన్సు షెడ్యూల్లో ఈ బ్యాండ్ హద్దులు ఎంతో చూసుకోండి.

ప్రశ్న: మాది మారతహళ్లిలో ఆరో అంతస్తు. 1.84 మీద పగలూ రాత్రీ సిగ్నల్ మీటరు ఎస్ 7 దగ్గర నిలిచేంత నాయిస్. ఇది ఆకాశం తెచ్చేదా, ఇంట్లోదా? (బెంగళూరు)

జవాబు: రాత్రీపగలూ ఒకేలా ఉందంటే ఆకాశానికి సంబంధం లేదు. మధ్యాహ్నం డి పొర దూరపు మెరుపుల్నీ మింగేస్తుంది. కాబట్టి దగ్గర్లో ఉరుము లేని రోజు పన్నెండున్నరకు వినబడే నాయిస్ దాదాపు అంతా మనుషులు చేసిందే.

ఆ టైములోనే పరీక్ష పెట్టండి. రిసీవర్‌ను 12 వోల్టుల బ్యాటరీ మీద నడపండి. ప్రీయాంప్ ఆఫ్, బ్యాండ్‌విడ్త్ 2.4 కిలోహెర్ట్జ్, ఆర్‌ఎఫ్ గెయిన్ కదపొద్దు. మీటరు రాసుకుని ఇంటి మెయిన్ దించండి. ఇక్కడే బోల్తా పడతారు: మెయిన్ దించగానే ఇన్వర్టర్ అందుకుంటుంది, దాని గోల మిగతావాటిని మించిపోవచ్చు. దాన్నీ ఆపాలి, ల్యాప్‌టాప్ చార్జరూ పీకాలి. అప్పుడు మీటరు ఎస్ 3కి పడితే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కో ఎంసీబీ ఎత్తుతూ పట్టుకోండి. ఎల్ఈడీ బల్బులు, బీఎల్‌డీసీ ఫ్యాన్లు, రూటరు అడాప్టర్లు మొదటి అనుమానితులు. పడకపోతే పక్క ఫ్లాటో, లిఫ్టు డ్రైవో. లిఫ్టుదైతే అది కదిలినప్పుడే గీమంటుంది.

చాలా ఇళ్లలో ఈ నాయిస్ కోయాక్స్ (యాంటెన్నాను రిసీవర్‌కు కలిపే కేబుల్) పైతొడుగు పట్టుకుని యాంటెన్నా దాకా పాకుతుంది. 2.4 అంగుళాల 31 రకం ఫెరైట్ రింగు మీద ఆర్‌జీ-58 కేబుల్ 14 చుట్లు చుట్టి, యాంటెన్నా చివర ఒకటి, రిసీవర్ దగ్గర ఒకటి పెట్టండి. ఎస్పీ రోడ్డులో పాత ఎస్ఎంపీఎస్‌ల (కంప్యూటర్ పవర్ సప్లైలు) నుంచి ఊడదీసి అమ్మే పసుపు-తెలుపు రింగులు ఇనుప పొడివి, ఈ పనికి రావు.

ప్రశ్న: 160కి నిలువు యాంటెన్నానే మేలంటారు. మన ప్రాంతంలో అడ్డం తీగ మంచిదని కొందరంటారు. ఏది నిజం? (విల్లివాక్కం, చెన్నై)

జవాబు: రెండింటిలోనూ కొంత ఉంది. భూ అయస్కాంత మధ్యరేఖ తమిళనాడు దక్షిణ కొసకు దగ్గరగా పోతుంది. అందుకే ఇక్కడ అయస్కాంత క్షేత్రం దాదాపు నేలకు సమాంతరంగా, ఉత్తర-దక్షిణంగా ఉంటుంది. ఆ క్షేత్రంలో ఎలక్ట్రాన్లు సెకనుకు సుమారు 11 లక్షల సార్లు గిరగిర తిరుగుతాయి, 1.8 మెగాహెర్ట్జ్ దానికి చేరువ. ఫిలిప్పీన్స్‌లాంటి తూర్పు-పడమర దారుల్లో నిలువు తరంగం (నిలువు యాంటెన్నా నుంచి వెళ్లేది) ఈ ఎలక్ట్రాన్లకు చిక్కి ఎక్కువ నష్టపోతుంది. విద్యుత్ క్షేత్రం ఉత్తర-దక్షిణంగా ఉన్న అడ్డం తరంగం తప్పించుకుంటుంది. కానీ 12 మీటర్ల ఎత్తున కట్టిన అడ్డం తీగ ఈ బ్యాండ్‌లో నెత్తిమీదికే ఊదుతుంది, దిగంతం వైపు పలచన. మధ్యేమార్గం ఇన్వర్టెడ్ ఎల్, అంటే నిలువుగా పైకెళ్లి అడ్డంగా వంగే తీగ: మొత్తం 39 మీటర్లు, నిలువు 12, అడ్డం 27, ఆ అడ్డాన్ని ఉత్తర-దక్షిణంగా లాగండి. మేడ మీద ఎర్త్ దొరకదు కనుక పిట్టగోడ వెంట నాలుగు రేడియల్ తీగలైనా, ఎంత పొడవు పడితే అంత.

ప్రశ్న: జూన్ వస్తే ఈ బ్యాండ్ మూసేసినట్టేనా? (టి.నగర్, చెన్నై)

జవాబు: యూరప్‌కు చాలావరకు అంతే. పెర్త్‌కు మాత్రం అప్పుడే చలికాలం, చెన్నైతో ఉమ్మడి చీకటి పది గంటలు. ఒక మీటరు వ్యాసమున్న రిసీవింగ్ లూప్‌ను (వినడానికి వాడే గుండ్రటి తీగ యాంటెన్నా) నిలబెట్టి దాని తలాన్ని ఆగ్నేయ-వాయవ్యంగా తిప్పితే ఆస్ట్రేలియా వైపు చెవి, ఈశాన్యం వైపు చెవుడు. బెంగాల్ మీది ఉరుముల చిటపట అలా బాగా తగ్గుతుంది. మబ్బు మీ నెత్తిమీదే ఉంటే మాత్రం వినడం మాని, కోయాక్స్ విప్పి గోడ బయట వదిలేయండి.