పారిస్‌లో మొహమాటం వద్దు: అమ్మానాన్నలతో వేసవి ప్రయాణం

జులై, ఆగస్టుల్లో ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తారు. జర్మనీకో నెదర్లాండ్స్‌కో చదువుకోసమో ఉద్యోగంకోసమో కొత్తగా వచ్చిన పిల్లలు వాళ్లకు మూడు రోజులు పారిస్ చూపిద్దామనుకుంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఊరు కిక్కిరిసి ఉంటుంది. ఎండ, ప్రతిచోటా క్యూ. పెద్దవాళ్లకు కాళ్లు లాగుతుంటే పిల్లలకు కంగారు. ఆ కంగారులో ఎవరో వచ్చి "నేను చూసుకుంటాను రండి" అంటే ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. మోసం అక్కడే మొదలవుతుంది.

దానికి తోడు మన మొహమాటం. ఎవరైనా పలకరిస్తే ముఖం తిప్పుకుని వెళ్లిపోవడం మన పెంపకంలో లేదు. కానీ పారిస్‌లో టూరిస్టులు తిరిగే చోట ఎదురొచ్చి ఇంగ్లీషులో మాట కలిపేవాడికి చాలాసార్లు మీతో ఏదో పని ఉంటుంది. అడుగు ఆపకుండా "నోఁ, మెర్సీ" (వద్దు, థాంక్స్) అని వెళ్లిపోతే అక్కడ ఎవరూ తప్పు పట్టరు. ఈ ఒక్క ముక్క అమ్మానాన్నలకు ముందే చెప్పి ఉంచండి.

ఎయిర్‌పోర్టు నుంచే మొదలుపెడదాం. షార్ల్ ద గోల్‌లో బయటికి రాగానే "టాక్సీ? టాక్సీ?" అంటూ కొందరు దగ్గరికొస్తారు. మెడలో ఏదో కార్డు కూడా వేలాడుతుంటుంది. అసలు టాక్సీవాళ్లు లోపలికొచ్చి మనుషుల్ని పిలవరు, బయట స్టాండులో వరసలో ఉంటారు. కారు పైన "టాక్సీ పారిజియాఁ" అని రాసిన దీపం ఉంటుంది. పచ్చగా వెలిగితే ఖాళీ, ఎర్రగా ఉంటే లోపల మనుషులున్నట్టు. ఈ ఎయిర్‌పోర్టు నుంచి పారిస్ నగరంలో ఏ చిరునామాకైనా రేటు ప్రభుత్వమే కట్టేసింది. 2025లో సేన్ నదికి కుడి ఒడ్డుకు 56 యూరోలు, ఎడమ ఒడ్డుకు 65. గార్ ద్యు నార్ రైల్వే స్టేషన్, లూవ్ర్ మ్యూజియం, మోంమార్త్ర్ కొండ కుడి ఒడ్డున ఉంటాయి, ఈఫిల్ టవర్ ఎడమ ఒడ్డున. ఇది మనిషికి కాదు, కారుకి. సామానుకు వేరే చార్జీ లేదు, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా పెరగదు. ఐదో మనిషి ఎక్కితేనే కొంచెం అదనం. ఏటా ఒకటి రెండు యూరోలు పెరగొచ్చు గానీ ఎవరైనా నూట యాభై అన్నాడంటే ఆ కారు ఎక్కకండి. ఎక్కేముందే "ఫోర్‌ఫే?" అని అడగండి, ఆ కట్టిన రేటుకు అక్కడి మాట అదే.

రైల్లో వెళ్తే ఆర్‌ఈఆర్ బీ లైను, అంటే ఊరినీ శివార్లనీ కలిపే రైలు. ఎయిర్‌పోర్టు టికెట్ వేరు, ఊళ్లో మెట్రో టికెట్ వేరు. 2025 జనవరి నుంచి మెట్రో టికెట్ 2.50, ఎయిర్‌పోర్టు టికెట్ 13 యూరోలయ్యాయి, ఆ తర్వాత ఇంకాస్త పెరిగాయి. మామూలు టికెట్‌తో ఎయిర్‌పోర్టుకు బయల్దేరితే ఫైన్ పడుతుంది, తెలియదంటే వినరు. టికెట్లు నింపుకునే 2 యూరోల నావిగో ఈజీ కార్డు మనిషికొకటి తీసుకోవాలి. ఒకే కార్డు గీకి నాన్నను పంపి, మళ్లీ దాంతోనే మీరు వెళ్లడం కుదరదు. బయటికి వచ్చేదాకా కార్డు చేతిలోనే ఉండాలి. చెకింగ్ వాళ్లు సాధారణంగా దిగి నడిచే సొరంగాల్లోనే నిలబడతారు.

టికెట్ మెషిన్ల దగ్గర జరిగే మోసాన్ని కాస్త వివరంగా చెప్పాలి. తెర ఫ్రెంచ్‌లో ఉంటుంది, వెనక జనం. పక్కనుంచి ఒకడు నవ్వుతూ వచ్చి భాష మారుస్తాడు, నలుగురికీ వారం పాస్ ఎంచుకున్నట్టు చూపిస్తాడు. మీ బ్యాంకు కార్డు పెట్టగానే "ఈ కార్డు పనిచేయదు" అని క్యాన్సిల్ నొక్కి, తన కార్డు పెట్టి కడతాడు. తెరమీద కనిపించిన మొత్తాన్ని మీరు నోట్లుగా ఇచ్చేస్తారు. కానీ మధ్యలో అతని వేలు ఇంకో మీట నొక్కింది. మీకు దక్కింది ఒక్కసారికి పనికొచ్చే టికెట్లో, పిల్లల సగం టికెట్లో. గేటు దగ్గర తెలిసేసరికి మనిషి ఉండడు. అందుకే మెషిన్ ముందు మీ వెనక మీ ఇంటి మనిషే నిలబడాలి. లేదంటే కౌంటర్‌కు వెళ్లండి. అక్కడి రవాణా సంస్థ ఇల్ ద ఫ్రాన్స్ మొబిలితే యాప్‌లో ఫోన్లోనే కొనుక్కోవడం ఇంకా తేలిక.

మెట్రోలో ఒకటో లైను, ఆరు, తొమ్మిది, ఆర్‌ఈఆర్ బీ. స్టేషన్లలో ట్రొకడెరో, బీర్ హకేమ్, షాత్లే. వీటిలో జేబుదొంగలతో మరీ జాగ్రత్త, ముఠాగా పనిచేస్తారు. చూడటానికి చదువుకునే పిల్లల్లా ఉంటారు, పద్నాలుగు పదిహేనేళ్ల అమ్మాయిలు కూడా. మీరు ఎక్కుతుంటే ముందున్నవాళ్లు గుమ్మంలోనే ఆగిపోతారు, వెనకవాళ్లు తోస్తారు. ఆ రెండు మూడు క్షణాల్లో బ్యాగు జిప్పు జారుతుంది. తలుపులు మూసే బజర్ మోగగానే వాళ్లు దిగిపోతారు, మీరు లోపలే ఉండిపోతారు. తలుపు పక్కన నిలబడి ఫోన్ చూసుకునేవాళ్ల చేతిలోంచి లాక్కుని దూకేదీ ఆ బజర్ మోతకే. గుమ్మంలో ఎవరైనా అడ్డంగా ఆగితే వెనక్కి తగ్గండి. వేసవి పగళ్లలో రెండు మూడు నిమిషాల్లో ఇంకో రైలు వస్తుంది.

మన ఇళ్లలో ఒక అలవాటుంది: అందరి పాస్‌పోర్టులు, డబ్బు, కార్డులు ఒకే పౌచ్‌లో పెట్టి నాన్న భుజానికి తగిలించడం. అది పోతే అందరివీ పోయినట్టే. ఎవరివి వాళ్లకు, బట్టల లోపలికి ఉండే బెల్టులో సర్దండి. జర్మనీ రెసిడెన్స్ కార్డు ఒకచోట, పాస్‌పోర్టు ఇంకోచోట. ఇక అమ్మ మెడలో బంగారం సంగతి. తీసేయమంటే బాధపడుతుంది, బలవంతం చేయొద్దు. పుస్తెలు సన్నటి గొలుసులోకి మార్చి మెడ మూసే జాకెట్ లోపల ఉంచుకోమనండి. నల్లపూసలు, గాజులు జర్మనీలో మీ ఇంట్లోనే వదిలి రావచ్చు.

మోంమార్త్ర్ కొండమీద సాక్రే కర్ చర్చి మెట్ల దగ్గర దారం కట్టేవాళ్లుంటారు. మీ చూపుడువేలు పట్టుకుని రంగుదారం తగిలిస్తారు, మాట్లాడుతూనే చకచకా జడలా అల్లేస్తారు, మణికట్టు దగ్గర బిగించి ముడేస్తారు. మన వాళ్లకు అది గుడిలో కంకణం కట్టినట్టే అనిపించి చేయి చాస్తారు. ముడి పడ్డాక అది ఊడదు, ఇరవై యూరోలు అడుగుతారు, చుట్టూ ఇంకో ముగ్గురు చేరతారు. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, లేదా కట్టుకుని, మెట్ల అంచున ఆగకుండా నడవండి. కట్టేశారా, డబ్బు తీయకండి. పర్సు బయటికి వస్తే ఇంకో ప్రమాదం. గట్టిగా "పోలీస్!" అని అరుస్తూ జనం ఉన్న వైపు నడవండి. పెద్దవాళ్లుంటే ఈ గొడవే లేకుండా ఆన్వేర్ స్టేషన్ వైపున్న ఫ్యూనిక్యులర్ (కొండెక్కే చిన్న రైలు) ఎక్కించండి, మెట్రో టికెట్ చాలు.

సంతకాల అట్ట పట్టుకొచ్చే అమ్మాయిలది ఇంకో పద్ధతి. మూగచెవిటి పిల్లలకోసం అంటారు. సంతకం పెట్టాక విరాళం అడగడం ఒక భాగం మాత్రమే. కాఫీ షాపు బయట కూర్చుని బల్లమీద ఫోన్ పెట్టుకున్నారనుకోండి, ఆ అట్ట తెచ్చి సరిగ్గా ఫోన్ మీదుగా మీ ముందు పరుస్తారు. అట్ట తీసేసరికి కింద ఫోన్ ఉండదు. నది ఒడ్డున "ఈ ఉంగరం మీదేనా?" అని బంగారంలా చూపించేది ఇత్తడి. ఈఫిల్ టవర్ దగ్గర వంతెన మీద, బంతి ఏ కప్పు కింద ఉందో పందెం కాసే మూడు కప్పుల ఆటలో గెలుస్తున్నట్టు కనిపించేవాళ్లంతా వాళ్ల మనుషులే, చూస్తూ నిలబడినా జేబు ఖాళీ అవుతుంది.

టికెట్లు బయల్దేరకముందే, ఆయా సంస్థల సొంత వెబ్‌సైట్‌లోనే కొనండి. ఈఫిల్ టవర్ లిఫ్టు టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు, వేసవిలో మంచి సమయాలు త్వరగా అయిపోతాయి. అవి దొరకనివాళ్లే గేటు బయట అమ్మేవాళ్ల చేతిలో పడతారు. టవర్ కింద తోటలోకి మాత్రం తనిఖీ దాటి ఉచితంగా వెళ్లొచ్చు. లూవ్ర్‌కు మంగళవారం సెలవు. 2026 జనవరి నుంచి యూరప్ ఆర్థిక ప్రాంతంలో (ఈయూ దేశాలు, మరో మూడు) పౌరులూ నివాసులూ కానివాళ్లకు అక్కడ 32 యూరోలు, అంటే ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఆ రేటు. జర్మనీలో ఉంటున్న మీకు అది వర్తించదు. 26 ఏళ్ల లోపువాళ్లయితే అసలు ఉచితమే, రెసిడెన్స్ కార్డు చూపించాలి, టైము స్లాట్ బుక్ చేసుకోవాలి. "క్యూ లేదు" అని అమ్మే ఖరీదైన టికెట్లకు కూడా సెక్యూరిటీ చెకింగ్ క్యూ తప్పదు. నోత్ర్ దామ్ చర్చి 2024 డిసెంబరులో మళ్లీ తెరిచారు, లోపలికి వెళ్లడం ఉచితం. దానికి ఎవరైనా ప్రవేశ టికెట్ అమ్మితే అది దొంగదే.

హోటల్లో నీళ్లడిగితే సీసా తెచ్చి బిల్లు వేస్తారు. "యూన్ కరాఫ్ దో" అంటే కుళాయి నీళ్లు జగ్గులో ఉచితంగా ఇస్తారు, తాగడానికి మంచివే. సర్వీసు చార్జీ చట్టప్రకారం మెనూ ధరలోనే కలిసి ఉంటుంది. కార్డు మెషిన్ తిప్పి టిప్పు ఎంత అని చూపిస్తే వద్దని నొక్కడానికి ఏమీ సిగ్గుపడక్కర్లేదు.

అదే మెషిన్ ఒక్కోసారి "రూపాయల్లో కడతారా, యూరోల్లోనా?" అని అడుగుతుంది. రూపాయలు చూసి నాన్నకు ధైర్యంగా ఉంటుంది, కానీ ఆ మారకం రేటు మెషిన్‌వాడిది. ఎప్పుడూ యూరోలే నొక్కాలి. యూరోలు నింపిన ఫారెక్స్ కార్డులో రూపాయలు నొక్కితే రెండుసార్లు మార్చినట్టు అవుతుంది. ఏటీఎంలోనూ అంతే, "కన్వర్షన్ వద్దు" అనే మీట వెతికి నొక్కండి. బ్యాంకు గోడలో ఉన్న ఏటీఎం మేలు. సావనీర్ షాపుల పక్కన విడిగా ఉండేవి వద్దు.

మామూలు బట్టల్లో వచ్చి "పోలీస్, మీ డబ్బు నకిలీదేమో చూడాలి" అంటే పర్సు ఇవ్వకండి. నిజమైన పోలీసు మీ నోట్లు లెక్కపెట్టడు. స్టేషన్‌కు వెళ్దామనండి, లేదా 17కు ఫోన్ చేయండి. 112 కూడా పనిచేస్తుంది.

ఇంత చేసినా పోయిందనుకోండి. ముందు కార్డులు బ్లాక్ చేయండి. ఫ్రాన్స్‌లో పిన్ లేకుండా 50 యూరోల దాకా గీకొచ్చు, అదీ వరసగా. తర్వాత పోలీసు స్టేషన్లో (అక్కడ కమిసరియా అంటారు) ఫిర్యాదు రాయించి కాగితం తీసుకోండి. ఇన్సూరెన్సుకు, పాస్‌పోర్టుకు రెండింటికీ అది కావాలి. షెంగెన్ వీసాకు తీసుకున్న 30,000 యూరోల పాలసీ వైద్యానికి ఉద్దేశించింది, దొంగతనం అందులో ఉందో లేదో ముందే చదవండి. భారత రాయబార కార్యాలయం పదహారో వార్డులో, 15 ర్యూ ఆల్ఫ్రెడ్ దెఓదాంక్, దగ్గరి మెట్రో లా ముయెత్. అమ్మానాన్నలకు ఇండియా వెళ్లడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ (పాస్‌పోర్టు బదులు ఒక్క ప్రయాణానికి ఇచ్చే కాగితం) ఆ కార్యాలయాన్నే అడగొచ్చు. మీరు మాత్రం అది తీసుకోవద్దు, అది ఇండియాకు వెళ్లడానికే పనికొస్తుంది. మీకు కావాల్సింది కొత్త పాస్‌పోర్టు.

ఇండియా బ్యాంకు ఓటీపీలు వచ్చే సిమ్ నాన్న ఫోన్లోనే ఉంటే, ఆ ఫోన్ పోయిన గంట నుంచే కార్డు బ్లాక్ చేయడం కూడా కష్టమవుతుంది. ఆ సిమ్‌ను ఒక పాత ఫోన్లో వేసి, రోమింగ్ ఆన్ చేసి, హోటల్ గది లాకర్లో పెట్టి బయల్దేరండి. బ్యాంకు హెల్ప్‌లైన్ నంబర్లు కాగితం మీద రాసి ఇద్దరి జేబుల్లోనూ ఉంచండి.