గెడ్డలో పురుగులు నిజంగా తగ్గాయా?

చిన్నప్పుడు గెడ్డలో (వాగులో) ఏ రాయి తిరగేసినా బోలెడు పురుగులు కనిపించేవి, ఇప్పుడు లేవు, జీవవైవిధ్యం తగ్గిందా లేక నా భ్రమా అని అడిగారు. భ్రమ కాకపోవచ్చండి. కానీ ఎన్ని ఉన్నాయని కాదు, ఏవేవి ఉన్నాయని చూడాలి.

జువాలజీ చదివిన పిచ్చితో సింహాచలం కొండ దిగి వచ్చే ఒక గెడ్డలో 2012 నుంచి 2019 దాకా ఏటా పురుగులు పట్టాను. ఒక చోటు కొండ మొదట్లో, రెండోది కాలనీల మురుగు కలిశాక. వల అడ్డుపెట్టి, దానికి ఎగువన 3 నిమిషాలు కాళ్ళతో రాళ్ళు కదపడం, పడినవాటిని తెల్ల ట్రేలో పోసి ఏరడం, అంతే పని.

పైచోట మేఫ్లై పిల్లలు, ఇసుక రేణువులు అతికించి గూడు కట్టుకునే కాడిస్‌ఫ్లై పిల్లలు దొరికేవి. రెండూ పిల్లలుగా నీళ్ళలో పెరిగి, పెద్దయ్యాక ఎగిరే పురుగులు. వీటికి ఆక్సిజన్ బాగా ఉన్న నీరు కావాలి. కిందిచోట గుట్టలుగా ఎర్ర పురుగులు, అక్వేరియం షాపుల్లో చేపల మేతగా అమ్మే బ్లడ్‌వార్మ్‌లు. ఒంట్లో హిమోగ్లోబిన్ ఉండబట్టి ఆక్సిజన్ అంతగా లేని బురదలోనూ బతికేస్తాయి. తలలు లెక్కపెడితే కిందిచోటే గెలిచేది!

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. నవంబరులో వెళ్తే పైచోట ట్రే దాదాపు ఖాళీ. అక్కడితో ఆపేసి ఉంటే ‘గెడ్డ చచ్చిపోయింది’ అని రాసేసేవాణ్ణి. మరుసటి ఏడాదికే మేఫ్లైలు మళ్ళీ కనిపించాయి. రెక్కలొచ్చినవి ఎగిరొచ్చి గుడ్లు పెడతాయి కదా. అయితే చెట్లు కూలి నీడ పోయింది, రాళ్ళకి పాచి పట్టింది, దాన్ని గీక్కుతినే నత్తలు పెరిగాయి. ఆకుముక్కలతో గూడు కట్టే కాడిస్‌లు మాత్రం చాన్నాళ్ళు కనబడలేదు.

2016లో పురుగులు ఒక్కసారి పెరిగాయని సంబరపడ్డాను. తీరా చూస్తే మారింది గెడ్డ కాదు, వల! దోమతెర గుడ్డ చిరిగితే ఇంకా సన్నకళ్ళ వల కొన్నాను. అంతకుముందు జారిపోయే పిల్లపురుగులన్నీ అందులో పడ్డాయి.

అన్నిచోట్లా తగ్గుతున్నాయనీ అనుకోకండి. యూరప్‌లోని 22 దేశాల నుంచి 1968–2020 మధ్య నదుల్లో, వాగుల్లో ఇలాంటి పురుగుల మీద సేకరించిన 1,816 వరుస లెక్కలు (ఒక్కోటీ ఒకే చోట ఏళ్ళ తరబడి తీసినది) కలిపి చూస్తే, ఒక్కోచోట దొరికే రకాలు సగటున ఏటా 0.73 శాతం పెరిగాయి. మురుగు శుద్ధి అందుకు ఒక ముఖ్య కారణమంటారు. కానీ 2010 తర్వాత ఆ పెరుగుదల ఆగిపోయింది. ఆనకట్టలకీ, నగరాలకీ, పొలాలకీ దిగువన కోలుకోవడం అంతంతమాత్రమే. మన కిందిచోట్ల మురుగు ఇంకా నేరుగా కలుస్తోంది కాబట్టి ఆ పెరుగుదల ఇక్కడ ఆశించలేం.

మొదలుపెడతానంటే డిసెంబరు–జనవరిలో, వాన ఉధృతి తగ్గాక పట్టండి. ఏటా అదే నెల, అదే చోటు, అదే వల. స్పిరిట్ సీసాలో వేసేటప్పుడు చీటీ పెన్సిల్‌తో రాసి లోపలే పడేయండి. నేను సీసా పైన పెన్నుతో రాస్తే, స్పిరిట్ తగిలి అక్షరాలు పోయి, రెండేళ్ళ పురుగులు ఎక్కడివో తెలియకుండా ఇంకా అటక మీదే ఉన్నాయి.