ఐదో నెలలో చిగుళ్ల నుంచి నెత్తురు వస్తోంది: కాన్పు అయ్యేదాకా ఆగవచ్చా?

మీరు నర్సంపేట దగ్గరి పల్లెలో ఉంటున్నారని, ఐదో నెల నడుస్తోందని, పళ్లు తోముకున్న ప్రతిసారీ చిగుళ్ల నుంచి నెత్తురు వస్తోందని, కింది దవడ పన్ను ఒకటి పుచ్చి చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటోందని రాశారు. ఇంట్లోవాళ్లు మాత్రం కాన్పు అయ్యేదాకా పళ్ల డాక్టరు దగ్గరికి పోవద్దంటున్నారని, ఆగవచ్చా అని అడిగారు. ఆగవద్దు. నేను ఆగి పడిన బాధ మీరు పడకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను హన్మకొండలో ఉంటాను, బడిలో పాఠాలు చెబుతాను. మొదటి కాన్పు సమయంలో నాకు వేవిళ్లు ఎక్కువగా ఉండేవి. పొద్దున్నే బ్రష్షు నోట్లో పెట్టగానే వాంతి వచ్చేది కాబట్టి, వేలికి కొంచెం పేస్టు రాసుకుని పైపైన తుడుచుకుని ఊరుకునేదాన్ని. నాలుగో నెలకల్లా చిగుళ్లు ఎర్రగా ఉబ్బి, ఉమ్మితే నెత్తురు కనిపించేది. నెత్తురు వస్తున్న చోట బ్రష్షు తగిలించకపోతే అదే మానుతుందనుకున్నాను. అది నేను చేసిన మొదటి తప్పు, ఎందుకంటే తోమని చోట పాచి పేరుకుని చిగురు ఇంకా వాచింది. కింది దవడలో అప్పటికే పుచ్చిన పన్ను ఒకటి ఉండేది. "కడుపుతోని ఉన్నప్పుడు పన్ను ముట్టుకోవద్దు బిడ్డా, పన్ను పీకితే కడుపు మీదికి వస్తది" అని మా అత్తమ్మ భయపడ్డారు. ఆమె ప్రేమతోనే అన్నారు, నేను కూడా నమ్మాను. అయినా ఐదో నెలలో ఒక క్లినిక్కుకు వెళ్లాను. నా పొట్ట చూడగానే అక్కడివారు సైతం కాన్పు అయ్యాక రమ్మని పంపించేశారు.

ఏడో నెలలో ఒక రాత్రి ఆ పన్ను నొప్పి చెవిదాకా పాకింది. లవంగం పెట్టుకున్నాను, ఉప్పునీళ్లు పుక్కిలించాను, తెల్లవారుజామున మా ఆయన మెడికల్ షాపులో అడిగి తెచ్చిన నొప్పి బిళ్లలు రెండు వేసుకున్నాను. పొద్దున అద్దంలో చూసుకుంటే చెంప ఉబ్బి కన్ను సగం మూసుకుపోయింది, నోరు పూర్తిగా తెరుచుకోలేదు, జ్వరం కాసింది. ఆ రోజంతా జావ తప్ప మరేమీ మింగలేక, బిడ్డ కదలికలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. సాయంత్రం మరో దంత వైద్యురాలి దగ్గరికి వెళితే ఆమె ముందుగా మా కాన్పుల డాక్టరుకు ఫోన్ చేసి మాట్లాడారు. తర్వాత నన్ను కుర్చీలో వెనక్కి వాల్చి, తువ్వాలు మడిచి నా కుడి తుంటి కింద పెట్టి, నేను కొంచెం ఎడమకు ఒరిగి ఉండేలా చూశారు. నెలలు నిండుతున్నప్పుడు వెల్లకిలా పడుకుంటే గర్భాశయం బరువు పెద్ద రక్తనాళం మీద పడి కళ్లు తిరుగుతాయని, అందుకే ఆ తువ్వాలు అని చెప్పారు. మత్తు సూది ఇచ్చి, పన్నుకు రంధ్రం చేసి చీము వదిలించారు. అరగంటలో నొప్పి సగానికి పైగా తగ్గింది. ఐదో నెలలోనే జరగవలసిన ఆ పని ఏడో నెలలో, జ్వరంతో, అంత భయం మధ్య జరిగింది.

ఆ షాపు బిళ్లల సంగతి చెప్పినప్పుడు మా కాన్పుల డాక్టరు నా మీద నిజంగానే కోప్పడ్డారు. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు గర్భిణులు సొంతంగా వేసుకోకూడదు. ముఖ్యంగా 20 వారాలు దాటాక అవి బిడ్డ మూత్రపిండాల మీద పనిచేసి ఉమ్మనీరు తగ్గించగలవు, చివరి నెలల్లో బిడ్డ గుండె దగ్గరి రక్తనాళానికీ హాని చేయగలవు. నొప్పికి సాధారణంగా పారాసిటమాల్ ఇస్తారు, చీము పడితే అమాక్సిసిలిన్ వంటి యాంటీబయాటిక్ రాస్తారు. టెట్రాసైక్లిన్, అదే కోవకు చెందిన డాక్సీసైక్లిన్ మాత్రం బిడ్డ పళ్లకు శాశ్వతంగా రంగు పట్టించే ప్రమాదం ఉంది కాబట్టి గర్భిణులకు సాధారణంగా ఇవ్వరు. నేను పేర్లు రాసింది మీరు కొనుక్కోవడానికి కాదు, షాపులో ఎవరైనా చేతిలో పెడితే అడ్డు చెప్పడానికి.

ఇక మీ చిగుళ్ల విషయానికి వస్తే, గర్భంలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ అనే హార్మోన్లు బాగా పెరగడం వల్ల చిగుళ్లకు రక్తప్రసరణ ఎక్కువై, మామూలు రోజుల్లో ఏమీ చేయని కొద్దిపాటి పాచికి కూడా అవి ఎర్రబడి ఉబ్బుతాయి. ఇది చాలామందికి రెండో నెలలోనే మొదలై ఎనిమిదో నెల వరకు పెరుగుతూ పోతుంది. అంటే మీరు ఆగిన కొద్దీ తగ్గేది కాదు. మా బడిలో పనిచేసే ఒక టీచరుకు ఆరో నెలలో ముందు పళ్ల మధ్య కందిగింజంత ఎర్రటి కండ మొలిచి, ముట్టుకుంటే నెత్తురు కారేది. క్యాన్సరేమోనని ఆమె రెండు రోజులు అన్నం ముట్టలేదు. అది గర్భిణుల్లో వచ్చే మామూలు కండేనని, కాన్పయ్యాక చాలావరకు దానంతట అదే తగ్గుతుందని తెలిశాక ఊపిరి పీల్చుకున్నారు.

తీవ్రమైన చిగుళ్ల జబ్బు ఉన్న తల్లుల్లో నెలలు నిండకముందే కాన్పు కావడం, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం ఎక్కువగా కనిపిస్తున్నట్లు అనేక పరిశోధనలు గమనించాయి. అయితే చిగుళ్లు శుభ్రం చేయించినంత మాత్రాన ఆ ముప్పు తప్పుతుందని అవి తేల్చలేదు, శుభ్రం చేయించడం వల్ల బిడ్డకు హాని లేదని మాత్రం తేల్చాయి. మీకు షుగరు పరీక్షలో ఎక్కువ వచ్చి ఉంటే చిగుళ్లను మరింత జాగ్రత్తగా చూసుకోవాలి, ఎందుకంటే షుగరు చిగుళ్ల జబ్బును పెంచుతుంది. బిడ్డ తల్లి పళ్లలోని కాల్షియం లాగేసుకుంటుందని, అందుకే కాన్పుకొక పన్ను పోతుందని మా ఊళ్లో పెద్దవాళ్లు అంటుంటారు. అది నిజం కాదు. పళ్లు పోయేది పాచి వల్ల, పుచ్చు వల్ల, వాంతుల పులుపు వల్ల. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి పథకం కింద ఇచ్చే పాలు, గుడ్డు, ఆసుపత్రిలో ఇచ్చే కాల్షియం బిళ్లలు తప్పక తీసుకోండి, అవి మీ ఎముకలకూ బిడ్డ ఎదుగుదలకూ అవసరం. పుచ్చిన పన్నును మాత్రం అవి బాగుచేయవు.

మీరున్న ఐదో నెల పళ్ల వైద్యానికి అన్నిటికంటే అనువైన కాలం. వేవిళ్లు తగ్గి ఉంటాయి, పొట్ట ఇంకా బరువెక్కదు, కుర్చీలో పడుకోవడం కష్టం కాదు. పాచి తీయించుకోవడం, పుచ్చుకు సిమెంటు పెట్టించుకోవడం, రూట్ కెనాల్ (పంటి లోపలి చెడిన నరం తీసి శుభ్రం చేయడం), అవసరమైతే పన్ను తీయించుకోవడం కూడా ఇప్పుడు చేయించుకోవచ్చు. లిగ్నోకేయిన్ అనే మత్తు సూదిని గర్భిణులకు ఇవ్వవచ్చు. ఎక్స్‌రే తప్పనిసరైతే పొట్టకూ మెడకూ సీసపు కవచం కప్పి ఒక్క పన్నుకు తీస్తారు, అందులో బిడ్డకు చేరే కిరణాలు లెక్కలోకి రానంత తక్కువ. డబ్బు గురించి వెనకాడుతుంటే వరంగల్ ఎంజీఎం వంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో దంత విభాగం ఉంటుంది. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు జరిగే ప్రత్యేక పరీక్షకు వెళ్లినప్పుడు, మీ పంటి సంగతి మీరే నోరు తెరిచి చెప్పండి. బరువు చూస్తారు, బీపీ చూస్తారు, నెత్తురు పరీక్ష చేస్తారు, కానీ నా రెండు కాన్పుల్లోనూ ఒక్కరు కూడా నోరు తెరవమని అడగలేదు. దంత వైద్యుల దగ్గరికి వెళ్లేటప్పుడు మాతా శిశు కార్డు, వాడుతున్న మందుల చీటీ తీసుకెళ్లి, ఎన్నో నెలో మొదటే చెప్పండి.

ఇంట్లో మెత్తటి బ్రష్షుతో, ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో పొద్దున, రాత్రి పడుకునే ముందు తోముకోండి. నెత్తురు వచ్చినా ఆ చోటును వదలకుండా మెల్లగా తోమండి. వాంతి అయిన వెంటనే మాత్రం తోమవద్దు, కడుపులోని ఆమ్లం తగిలి మెత్తబడిన పంటి పైపొర అప్పుడు అరిగిపోతుంది. కప్పు నీళ్లలో చిన్న చెంచా వంటసోడా కలిపి పుక్కిలించి ఉమ్మేసి, అరగంట దాటాక తోముకోండి. పేస్టు వాసనకు వికారమైతే చిన్నపిల్లల బ్రష్షు వాడి చూడండి, రెండో కాన్పులో నన్ను గట్టెక్కించింది అదే. బొగ్గుపొడి, ఇటుకపొడి పళ్లను అరగదీస్తాయి. పొగాకు పొడితో చిగుళ్లు రుద్దుకునే అలవాటు ఇంట్లో ఎవరికైనా ఉంటే మీరు దాన్ని అసలే ముట్టవద్దు, అందులోని నికోటిన్ నేరుగా బిడ్డకు చేరుతుంది.

మీ అత్తగారు భయపడుతున్నారని రాశారు కదా, ఆమెను కూడా వెంట తీసుకెళ్లండి. రెండోసారి నేను మా అత్తమ్మను తీసుకెళ్లాను. సూది మందు బిడ్డకు పోతుందా అని ఆమే డాక్టరును అడిగారు, జవాబు విన్నాక నా చెప్పులు పట్టుకుని బయట కూర్చున్నారు. వచ్చే వారంలోనే వెళ్లండి. ఈలోపు చెంప వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా ఆ వారం కోసం కూడా చూడకుండా అదే రోజు ఆసుపత్రికి బయలుదేరండి.