మ్యాప్ మీద మండలానికో చిన్న గీత వేస్తే మామూలు జనానికి అర్థమవుతుందా?

మీరు అడిగింది ఇదీ: జిల్లా మ్యాప్ మీద ఒక్కో మండలం ఉన్నచోట ఆ మండలం వానాకాలం మొత్తాన్ని ఒక బుల్లి గీతగా, అంటే స్పార్క్‌లైన్‌గా వేయాలని ఉంది, లెక్కలకూ గ్రాఫులకూ వాడే ఆర్ భాషలో టైడీఫన్ ప్యాకేజీ దొరికింది, కానీ అంత చిన్న గీతలు రైతులకు అర్థమవుతాయా, రంగులు నింపిన మ్యాపే మేలా అని.

గీతలే వేయండి. రంగుల మ్యాప్ చూసి ఏదో అర్థమైనట్టు అనిపిస్తుంది గానీ మన జిల్లాలకు దానంత మోసం చేసే బొమ్మ ఇంకోటి లేదు.

నేను అనంతపురంలో రైతులతో పనిచేసే ఒక చిన్న సంస్థకు వర్షపాతం లెక్కలు చూస్తుంటాను. ఒకసారి కళ్యాణదుర్గం వైపు ఒక ఊళ్లో రచ్చకట్ట దగ్గర మీటింగ్ పెట్టారు. ఒక ఆఫీసు వాళ్లు ముందే తమ రంగుల మ్యాప్ ఫ్లెక్సీ కొట్టించి కట్టారు, అందులో ఆ మండలం శుభ్రంగా పచ్చగా ఉంది. పచ్చ అంటే సాధారణ వర్షపాతం. ఆ మాట చెప్పగానే గొడవ మొదలైంది, ఎందుకంటే ఆ ఏడాది అక్కడ బుడ్డలు (వేరుశనగ) నిలువునా ఎండిపోయాయి, పశువులకు మేతగా వేసే వేరుశనగ కట్టె కూడా సరిగా దక్కలేదు. ఆఫీసాయన తప్పేమీ చెప్పలేదు లెండి. వాతావరణ శాఖ లెక్కలో సగటుకు 19 శాతం తక్కువ నుంచి 19 శాతం ఎక్కువ దాకా ఎంత పడినా అది సాధారణమే. బెట్టకు పంట పోయాక అక్టోబర్‌లో రెండు రాత్రులు కుండపోతగా కురిసినా మొత్తం సరిపోతుంది, మ్యాప్ పచ్చబడుతుంది.

నా దగ్గర ఉన్నది ఏ3 కాగితం. మండలానికో గీత, జూన్ నుంచి ఏ రోజుకారోజు పడిన వాన కలుపుకుంటూ పోయిన గీత. వాన పడితే పైకి లేస్తుంది, పడకపోతే అడ్డంగా పోతుంది. నేను వివరించబోయేలోపే ఒక పెద్దాయన కాగితం లాక్కుని, "ఇదేందప్పా, మెట్లు మాదిరి ఉండాది" అన్నాడు. వాన పడిన రోజు మెట్టు ఎక్కుతుంది తాతా అన్నాను, అంతే, ఇంకేమీ చెప్పలేదు. ఆయన తమ మండలం గీత మీద వేలు పెట్టి మెల్లగా జరుపుకుంటూ పోయి పొడుగాటి చదును దగ్గర ఆగాడు. "ఇది పుబ్బ కదా? పుబ్బలో మొదలై ఉత్తర దాటినా లేయల్యా. బుడ్డల ఊడలు బూమిలోకి దిగేటప్పుడు సుక్క లేదు. యాడ సాధారణమో సార్‌ని వచ్చి సూపియ్యమను." ఆ తర్వాత కాగితం చేతులు మారుతూనే ఉంది, పక్క మండలం వాళ్ల చదును తమకంటే పొట్టిగా ఉందని ఒకాయనకు కోపం కూడా వచ్చింది. చదువుకోని వాళ్లకు గ్రాఫ్ అర్థం కాదనేవాళ్లు ఒక్కసారి అక్కడ కూర్చుని ఉండాల్సింది.

ఆయన పుబ్బ అని ఊరికే ఊహించలేదు, గీత కింద నెలలకు బదులు కార్తెలు వేశాను. మృగశిర జూన్ 8 ప్రాంతంలో మొదలవుతుంది, పుబ్బ ఆగస్టు చివర, ఉత్తర సెప్టెంబర్ రెండో వారంలో. మన దగ్గర విత్తనం వేసేవాడు ఎవడూ జూలై మూడో వారం అనుకోడు, పుష్యమి అనుకుంటాడు. అరవై గీతల కిందా పేర్లు రాయొద్దు, చదవలేరు. పక్కన ఒక పెద్ద నమూనా గీత వేసి దానికి రాస్తే చాలు, మిగతా వాటికి సన్నటి నిలువు గుర్తులు పెట్టండి.

ఇక టైడీఫన్ సంగతి. దాంట్లో పట్టికలోని ఒక గడిలోనే గీత మొత్తం ఇమిడిపోతుంది, జియోమ్ క్యాపెల్లిని అనే ఫంక్షన్‌కి ఎక్స్, వై (మ్యాప్ మీద చోటు), టీఎఫ్ (వేయాల్సిన గీత) మూడూ చెబితే ఆ చోట ఆ గీత గీస్తుంది. ఆ ప్యాకేజీలో బొమ్మలు గీసే ఫంక్షన్ల పేర్లు ఎక్కువగా స్పగెట్టీ, లసాన్యా అంటూ ఇటలీ తిండి పేర్లే, రాసినవాళ్లు ఆకలి మీద ఉన్నట్టున్నారు. అక్కడ ఉదాహరణకు వాడేది కెనడా వాతావరణం డేటా, అంత దేశానికి 35 స్టేషన్లు. మనకేమో ఉమ్మడి అనంతపురంలోనే 63 మండలాలు. మడకశిర, రొళ్ల, గుడిబండ, అగళి, అమరాపురం మూల చూడండి, గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. గీత వెడల్పు, ఎత్తు మ్యాప్ యూనిట్లలో మీరే ఇవ్వడం మేలు. మన అక్షాంశం దగ్గర 0.15 డిగ్రీల వెడల్పంటే దాదాపు 16 కిలోమీటర్లు, అంతకు మించితే ఇరుకు. అప్పటికీ పట్టకపోతే నిర్మొహమాటంగా పక్కకు జరిపేయండి. రొళ్ల గీత రొళ్ల నడిబొడ్డునే ఉండాలని ఏ రైతూ అడగడు, పక్క మండలం ఏదో తెలిస్తే చాలు.

స్కేల్ దగ్గర మాత్రం మొహమాటం పనికిరాదు, అన్ని గీతలకూ ఒకటే ఉండాలి. గీత గీతకూ సొంత స్కేల్ ఇస్తే మూడు వందల మిల్లీమీటర్ల మండలం, ఏడు వందల మండలం రెండూ పెట్టె పైకప్పు దాకా లేస్తాయి, ఇక ఆ బొమ్మ దేనికి? టైడీఫన్ బదులు జీజీఆలీ (GGally) అనే ఇంకో ఆర్ ప్యాకేజీలో గ్లిఫ్స్ ఫంక్షన్ వాడితే వై స్కేల్‌ను కదపకండి. క్యూబుల్ (cubble) ప్యాకేజీ వాడితే అన్ని గీతలకూ ఒకే స్కేల్ పెట్టే గ్లోబల్ రీస్కేల్‌ను ట్రూ అనే ఉండనివ్వండి. గుండ్రంగా పువ్వులా వేసే పోలార్ రకం కూడా ఉంది, పత్రికల్లో అందంగా ఉంటుంది, రచ్చకట్ట దగ్గర ఒక్కరూ చదవరు.

ఇంకోటి, రోజువారీ వానను స్ప్లైన్‌తో, అంటే చుక్కల గుండా వంపు గీత సాగదీసే పద్ధతితో, నున్నగా చేయొద్దు. ఫంక్షనల్ డేటా (ఒక్కో గీత మొత్తాన్నీ ఒకే అంశంగా చూసే డేటా) అనగానే అందరూ ముందు అదే చేస్తారు. ఉష్ణోగ్రతకు బాగుంటుంది. మన వానకు అలా చేస్తే బెట్ట రోజుల్లో గీత సున్నా కిందికి దిగుతుంది, అంటే నేల నుంచి ఆకాశానికి వాన! కలుపుకుంటూ పోయిన గీతకు ఆ స్మూతింగ్ అవసరమే లేదు. వెనకాల బూడిద రంగులో సగటు ఏడాది గీత కూడా వేస్తే తేడా దానంతటదే కనబడుతుంది. ఓపికుంటే కడప తూర్పు వైపు కూడా వేసి చూడండి, రాజంపేట, కోడూరు గీతలు మన వాటిలా ఉండవు, అక్కడ ఈశాన్య రుతుపవనాలదే పెద్ద మెట్టు. 2021 నవంబర్‌లో చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన వారం గీత నిక్కబొడుచుకుంటుంది.

బొమ్మ గీయడం అరగంట పని, ప్రాణం తీసేది డేటా. స్కాన్ చేసిన పీడీఎఫ్ ఇస్తారు, అదీ వంకరగా. ఎక్సెల్ అడిగితే ఎందుకు, దేనికి, ఎవరు పంపారు అని ఎదురు ప్రశ్నలు. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయాక కొత్త ఫైళ్లలో సగం మండలాలే ఉంటాయి, పాత ఏళ్లతో పోల్చాలంటే రెండు జిల్లాలవీ తెచ్చి కలపాలి. మీరు ఉమ్మడి జిల్లా మ్యాపే వాడండి, మేఘాలకు ఆ జీవో అందలేదు. ఇక పేర్లు. రాప్తాడుకు ఇంగ్లీషులో ఒక ఫైల్‌లో హెచ్ ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు, రెండూ జాయిన్ చేస్తే ఏ ఎర్రరూ రాకుండా ఆ మండలం మాయమవుతుంది. జాయిన్ అయ్యాక 63 వరుసలు ఉన్నాయో లేదో లెక్కపెట్టుకునే ప్రింట్‌కి ఇవ్వండి, ఫ్లెక్సీ వద్దు, సన్న గీతలు దాని మీద చెరిగినట్టు పడతాయి, కాగితమే మేలు.